సైలెన్సర్ చిల్లు మూయాలా, వద్దా?

ఆదిలాబాద్‌లో డిసెంబర్ పొద్దున. బావది కిరాణా కొట్టు, ఇంటి నుంచి కిలోమీటరున్నర. బామ్మర్దిది బైక్ మెకానిక్ షెడ్డు. బావ బండి సైలెన్సర్ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఎం-సీల్ ప్యాకెట్ పట్టుకుని మరీ వచ్చాడు.

బావ: చూడరా, ఇంటి ముందు కొత్త టైల్స్ మీద నల్ల మరకలు. మీ అక్క రోజూ నన్నే అంటోంది. ఈ చిల్లు మూసెయ్.

బామ్మర్ది: అది పడిన చిల్లు కాదు బావా, కంపెనీవాళ్లు పెట్టింది. నీళ్లు పోవడానికే.

బావ: నీళ్లు ఎక్కడివి అసలు? నేను పోసేది పెట్రోల్. బంకువాడు కలిపాడంటే నమ్ముతా.

బామ్మర్ది: పెట్రోల్‌లో హైడ్రోజన్ ఉంటుంది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దగ్గర దగ్గర లీటరు నీళ్లు. మీ బంకుకి ఏ పాపం తెలీదు.

బావ: లీటరుకి లీటరా! మరి మే నెలలో ఒక్క చుక్క కారదేం? అప్పుడు ఏ నీళ్లతో తిరిగింది నా బండి?

బామ్మర్ది: అప్పుడూ అంతే పుడుతుంది, ఆవిరిగా పోతుంది కాబట్టి కనపడదు. ఆ పొగ సుమారు 50 డిగ్రీల కంటే చల్లబడితేనే అందులోని ఆవిరి నీరుగా మారేది. మేలో మన ఊళ్లో బండి ఎండలో నిలబడితేనే పైపు చెయ్యి పెట్టనివ్వదు. ఇప్పుడు తెల్లారేసరికి 10 డిగ్రీలు. ఇంజిన్ దగ్గరి బెండ్ పైపు నిమిషంలో కాలిపోతుంది గానీ, వెనక డబ్బా, లోపల రేకులూ అంత త్వరగా వేడెక్కవు. ఆవిరి అక్కడికొచ్చి చల్లని రేకుని తాకగానే చెమటలా పడుతుంది. ఇదిగో, ఈ స్టీలు పళ్లెం పైపు వెనక పట్టుకో, నేను స్టార్ట్ చేస్తా.

(పళ్లెం మసకబారింది. కాసేపటికి చుక్కలు కట్టాయి. బావ వేలితో తుడిచి వాసన చూశాడు. వేలికి మసి అంటింది.)

బావ: నీళ్లే. సరే, ఒప్పుకున్నా. కానీ నేను రోజూ పొద్దున్నే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాగా, బండి పాడవకూడదని. అయినా ఎందుకు ఆరదు?

బామ్మర్ది: అదే కొంప ముంచుతోంది. రెండు నిమిషాల్లో నీరు తయారవుతుంది, డబ్బా మాత్రం ఆరేంత కాగదు. తర్వాత నీ ప్రయాణం 5 నిమిషాలు. టిఫిన్‌కి, భోజనానికి కలిపి రోజుకి 4 ట్రిప్పులు, 6 కిలోమీటర్లు. లీటరుకి 60 ఇచ్చినా 100 మిల్లీలీటర్లు కాలుతుంది. అంటే రోజుకో టీ గ్లాసు నీళ్లు. చాలావరకు వెనక నుంచి ఎగిరిపోతుంది, మిగిలిందే ఈ చిల్లు దారి పట్టేది. మూస్తే ఎక్కడికి పోవాలి?

బావ: మా నాన్న బండి 20 ఏళ్లు నడిచింది. ఆయన ఏ చిల్లూ చూసుకోలేదు.

బామ్మర్ది: ఆయన రోజూ పొలానికి 30 కిలోమీటర్లు పోయేవారు బావా. డబ్బా బాగా కాగి, ఆవిరంతా బయటికి పోయేది. నీ బండి అలా కాదు, విను.

(స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా పైన కొట్టాడు: టంగ్. అడుగున కొట్టాడు: డబ్.)

బావ: అదేంటి?

బామ్మర్ది: తుప్పు. పైన క్రోమ్ మెరుస్తోంది, లోపల రేకు తినేస్తోంది. ఆ నీళ్లలో పొగలోని ఆమ్లం కూడా కొద్దిగా కలుస్తుంది.

బావ: అదంతా ఈ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వల్లేనట, కొట్టుకొచ్చేవాళ్లు చెప్తున్నారు.

బామ్మర్ది: లీటరు ఇథనాల్ కాలితే వచ్చే నీరు పెట్రోల్ కంటే కాస్త తక్కువే. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, అది నిజం. ట్యాంకులో నీరు చేరితే ఇబ్బందే, కానీ అప్పుడు బండి మొరాయిస్తుంది, సైలెన్సర్ కారదు. రెండూ కలిపేస్తున్నారు జనం.

బావ: తెల్లపొగ సంగతో? ఇంజిన్ పోయిందేమోనని రాత్రంతా టెన్షన్.

బామ్మర్ది: రెండడుగులు పోయి మాయమయ్యేది ఆవిరి. నీలంగా ఉండి, నూనె మాడిన వాసనొస్తే నా దగ్గరికి రా. నీ బండికి రేడియేటరే లేదు, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ లీకై తెల్లపొగ వస్తోందన్న మాటే లేదు.

(సైకిల్ పుల్లతో చిల్లు గెలికాడు. బురద ఉండ రాలింది, వెనకే అర గరిటెడు తుప్పు నీళ్లు.)

బావ: ఆగు! ఆ పక్కన ఇంకో చిల్లుంది. వంకరగా. అది కూడా కంపెనీవాళ్లే పెట్టారా?

బామ్మర్ది: ... లేదు. అది తుప్పు తిన్నదే.

బావ: ఇందాకటి నుంచి క్లాసు పీకావు, చూడనేలేదు! ఎం-సీల్ పనికొస్తుందిగా?

బామ్మర్ది: ఆ వేడికి పగిలి రాలిపోతుంది. వెల్డింగే చెయ్యాలి. దానికొక్కదానికే, అసలు చిల్లుకి కాదు. ఆపైన వారానికోసారి మావల దాటి ఓ 20 నిమిషాలు ఆగకుండా తిప్పుకురా.

బావ: పెట్రోల్ నువ్వు పోయిస్తావా?

బామ్మర్ది: కొట్టుకి నడిచెళ్లు బావా, కిలోమీటరున్నరేగా.

బావ: వెల్డింగ్ ఎంతవుతుందో చెప్పు ముందు.