పూడిక పోసిన చోట ఏముందో చూశారా?

ఓడరేవులో పూడిక తీస్తుంటే అందరికీ కనిపిస్తుంది, కాలువ ఎంత లోతైందో లెక్క కూడా పక్కాగా ఉంటుంది. కానీ ఆ బురదను బార్జిలో తీసుకెళ్లి సముద్రంలో వదిలేశాక అడిగేవాళ్లు తక్కువ. కేటాయించిన చోటే పోశామని లాగ్‌బుక్కులో రాస్తే చాలదంటున్నాం మేము. శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలో ఆల్కట్రాజ్ దీవి దగ్గర ఏం జరిగిందో చూడండి. అక్కడి పోటుపాట్లు మట్టిని ఎలాగూ లాక్కుపోతాయిలే అనుకుని ఏళ్ల తరబడి పోస్తూ పోయారు, తీరా 1982లో చూస్తే అది అడుగున గుట్టగా పేరుకుని ఓడలకే ఇబ్బంది అయ్యేలా ఉంది. ఓడల దారి కోసం తవ్విన మట్టే మరి!

చూడటానికి సాధనం లేక కాదు. మల్టీబీమ్ సోనార్ ఓడ కింద నుంచి ధ్వనిని విసనకర్రలా పరుస్తుంది. సముద్రపు నీటిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు కాబట్టి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి లోతు, ప్రతిధ్వని ఎంత గట్టిగా వచ్చిందన్నదాన్ని బట్టి అడుగున ఉన్నది రాయా, ఇసుకా, మెత్తటి బురదా అన్నది చాలావరకు తెలుస్తాయి. న్యూయార్క్ తీరానికి ఆవల పూడిక పోసిన పాత స్థలాన్ని 1997లో మూసేసి, కలుషితమైన అడుగు మీద శుభ్రమైన మట్టి కప్పడం మొదలుపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ అక్కడ 1996, 1998, 2000లలో ఇలాగే పటాలు తీసింది. పాత పటం పక్కన కొత్తది పెడితే మట్టి ఎక్కడ పెరిగిందో తెలిసిపోతుంది, దాచడం కష్టం.

అయితే పటం ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదు. గుట్ట ఎత్తు తగ్గిందంటే మట్టి కొట్టుకుపోయిందనే కాదు, తన బరువుకి తనే కుంగి ఉండొచ్చు. బురదలో విషం ఉందో లేదో సోనార్‌కి తెలియదు, దానికి నమూనాలు తీసి పరీక్షించాల్సిందే.

మేము అడిగేది పెద్దదేం కాదు. మొదటి బార్జి ఖాళీ చేయకముందే ఒక పటం తీయాలి, ఎందుకంటే అది లేకపోతే తర్వాత తీసినవాటిని దేనితో పోలుస్తారు? పని అయ్యాక ఒకటి, పెద్ద తుపాను వెళ్లాక ఇంకొకటి. ఖర్చు పూడిక తీసే కాంట్రాక్టులోనే కలపండి. ఆ పటాలను ఆఫీసు బీరువాలో పెట్టుకోకుండా, ఆ చుట్టుపక్కల వలలు వేసే మత్స్యకారులకు ముందుగా చూపించండి.