పదో తరగతి దాటేలోపే తమ గురించి తాము రాసుకోవడం నేర్పాలి

ఇంటర్ రెండో ఏడాది ఇంగ్లిష్ పరీక్షలో ఒక ఉద్యోగ ప్రకటన ఇచ్చి, దానికి సరిపోయేలా కరిక్యులమ్ వీటే, అంటే రెజ్యూమే, తయారు చేయమని అడగడం మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఏళ్లుగా ఉన్నదే. ఆ ప్రకటనలు తరచుగా డిగ్రీ, రెండు మూడేళ్ల అనుభవం అడుగుతాయి. రాసే అమ్మాయికేమో పదిహేడేళ్లు. ఇక ఏం చేస్తుంది? తనకు లేని డిగ్రీ రాస్తుంది, తాను పనిచేయని కంపెనీ పేరు పెడుతుంది, గైడ్‌లో ఉన్న కెరీర్ ఆబ్జెక్టివ్‌ను ఉన్నదున్నట్టు దించేస్తుంది. మార్కులు పడతాయి. అలా ఆమె జీవితంలో రాసిన మొదటి రెజ్యూమేలో ఆమె గురించి ఒక్క నిజం కూడా ఉండదు.

హైస్కూల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగని చెప్పలేం. లెటర్ రైటింగ్ అంటే హెడ్మాస్టరుకు సెలవు చీటీ. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్న వాక్యం తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. జ్వరం రాని రోజున కూడా అదే రాయిస్తాం. పిల్లలకు ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ రెండో సమస్య మాత్రమే. తమ గురించి నిజంగా ఒక పేజీ రాయమని మనం వాళ్లను ఎప్పుడూ అడగకపోవడమే మొదటి సమస్య.

'పదో తరగతి పిల్లలకు ఉద్యోగ దరఖాస్తుతో ఏం పని? ముందు చదువుకోనివ్వండి' అనేవాళ్లుంటారు. చదువు ఆగకూడదనే నేనూ కోరుకుంటాను. కానీ పది పాసై ఐటీఐకి వెళ్లేవాళ్లు, అప్రెంటిస్‌గా చేరేవాళ్లు, ఇంటి పరిస్థితుల వల్ల ఏదో షాపులో పనికి కుదిరేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. గ్రామీణ డాక్ సేవక్ పోస్టులే చూడండి. వాటికి రాతపరీక్ష లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసైతే ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిలో వచ్చిన మార్కులతోనే మెరిట్ లిస్టు వేస్తారు. మార్కుల తర్వాత అంతా ఆ దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ దరఖాస్తును మన పిల్లలు నింపే తీరు చూస్తే బాధేస్తుంది. నెట్ సెంటర్‌కు వెళ్లి మెమో, ఆధార్, ఫొటో ఇచ్చి బయట బెంచీ మీద కూర్చుంటారు. లోపల ఫారమ్ నింపే అతను హడావుడిలో తన మెయిల్ ఐడీనే కొట్టేస్తాడు. పాస్‌వర్డ్ ఏమిటో ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మని మెయిల్ వచ్చినా పిల్లవాడికి ఆ సంగతే తెలియదు. పేర్ల గొడవ ఇంకొకటి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదంటే స్పెల్లింగ్ మారుతుంది. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోవాలని రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు నోటిఫికేషన్లలోనే హెచ్చరిస్తున్నాయి. తేడా ఉంటే బడిలో ఉండగానే సరిచేసుకోవడం తేలిక. పాతికేళ్ల వయసులో, రేపు వెరిఫికేషన్ అనగా మొదలుపెడితే టెన్షన్ తప్ప పని జరగదు.

అందుకే మొదటి పాఠం రెజ్యూమే కంటే ముందు ఉండాలి. తొమ్మిదో తరగతిలోనే ప్రతి విద్యార్థి తన కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవాలి. సొంత మెయిల్ తెరుచుకోవాలి. ఒక దరఖాస్తు ఫారమ్‌ను మొదటి గడి నుంచి చివరి గడి దాకా తన చేత్తో నింపాలి.

అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. 'నా గురించి రాయడానికి ఏముంది సార్?' అంటారు పిల్లలు. చాలా ఉంటుంది. మహిళా పొదుపు సంఘంలో అమ్మ తరఫున పుస్తకం రాసే అమ్మాయిని తీసుకోండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలిందో నెలనెలా చూసేది ఆమే. రెజ్యూమే రాయమంటే మాత్రం 'హార్డ్ వర్కింగ్, పంక్చువల్, హాబీస్: వాచింగ్ టీవీ' అని రాస్తుంది. టీచర్ పక్కన కూర్చుని ఎన్నాళ్లుగా రాస్తున్నావు, సభ్యులెంతమంది, లెక్క తప్పితే ఎలా పట్టుకుంటావు అని అడిగితే వేరే మాటలు వస్తాయి. 'రెండేళ్లుగా పదిమంది సభ్యుల పొదుపు సంఘానికి లెక్కలు రాస్తున్నాను. ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూస్తాను.' ఏ షాపు యజమాని అయినా ఈ రెండు వాక్యాల దగ్గర ఆగుతాడు. హార్డ్ వర్కింగ్ అని వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాటలు ముందు తెలుగులో రాయించాలని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టమంటే పిల్లలు చేసిన పనిని వదిలేసి, వచ్చిన వాక్యాన్ని రాస్తారు. తెలుగులో విషయం తేలాక ఇంగ్లిష్‌లోకి తేవడం క్లాసులో అందరూ కలిసి చేయగలిగిన పని. ఇప్పుడు చాట్ జీపీటీని అడిగితే క్షణంలో రెజ్యూమే ఇస్తుంది కదా అనొచ్చు. ఇస్తుంది. కానీ పొదుపు సంఘం పుస్తకం సంగతి ఈ అమ్మాయి చెబితే తప్ప దానికి తెలియదు.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. మన దగ్గర రెజ్యూమేలోకి పెళ్లి బయోడేటా అలవాట్లు వచ్చి చేరాయి. కులం, మతం, తండ్రి వృత్తి ప్రైవేటు కొలువుకు అక్కర్లేదు. ఆధార్ నంబరు వేసిన రెజ్యూమేను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మరీ ప్రమాదం. ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే మోసగాళ్ల సంగతి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ఈ పాఠంలోనే రావాలి.

ఇందుకు కొత్త సబ్జెక్టు అవసరం లేదు. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో ఒకేషనల్ ట్రేడ్‌లు నడుస్తున్నాయి. వాటితోపాటు ఉండే ఎంప్లాయబిలిటీ స్కిల్స్ పుస్తకంలో కమ్యూనికేషన్, కంప్యూటర్ నైపుణ్యాల పాఠాలూ ఉన్నాయి. ట్రేడ్ తీసుకోని పిల్లలకు మాత్రం ఆ పాఠాలు అందవు. పరీక్షలో ఎవరి రెజ్యూమే వాళ్లే రాస్తే నిజమో కాదో ఎలా దిద్దుతాం అన్న అభ్యంతరం సబబే. కాబట్టి దీన్ని పబ్లిక్ పరీక్షలో పెట్టొద్దు. బడిలోనే టీచర్లు మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. గైడ్‌లోంచి ఎత్తి రాసే ప్రాజెక్టుల్లో ఒకటి తీసేసి దీన్ని పెడితే చాలు. పిల్లలు ఇంట్లో, పొలంలో, షాపులో ఏం చేస్తారో క్లాస్ టీచర్‌కు తెలుసు. దిద్దాల్సింది ఆ టీచరే.