మాక్‌ను 1,225తో గుణించి చేతులు దులుపుకోకండి

విమానాల మీద ఏ వార్త చూసినా ఇదే వరస. "మాక్ 2, అంటే గంటకు 2,450 కిలోమీటర్లు" అని రాసేస్తారు. మాక్ 2 అంటే ధ్వని వేగానికి రెట్టింపు కదా అని, నేల దగ్గరి ధ్వని వేగం 1,225తో గుణించేస్తారు. ఎంత ఎత్తులో అన్న ఊసే ఉండదు. చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఓడల, విమానాల వేగాన్ని కొలిచే నాట్‌తో ఏ పేచీ లేదు. నాటికల్ మైలు అంటే కచ్చితంగా 1,852 మీటర్లు కాబట్టి, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. నేల మీదైనా ఆకాశంలోనైనా అంతే. ('గంటకు 450 నాట్లు' అనీ రాస్తుంటారు. గంట అన్నది నాట్‌లోనే ఉంది కదా!) మాక్ సంగతి వేరు. అది అసలు కొలమానమే కాదు, నిష్పత్తి. విమానం వేగాన్ని, దాని చుట్టూ ఉన్న గాలిలో ధ్వని వేగంతో భాగిస్తే వచ్చే అంకె. ఆ ధ్వని వేగం గాలి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 15 డిగ్రీల దగ్గర గంటకు 1,225 కిలోమీటర్లు. 11 కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 56.5 డిగ్రీల చలిలో 1,062 మాత్రమే.

ఈ తేడా చిన్నదని కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూడండి. ధ్వని వేగాన్ని మొదట దాటినవాడిగా పేరొందిన అమెరికన్ పైలట్ చక్ యీగర్, 1947 అక్టోబర్ 14న బెల్ ఎక్స్-1 అనే రాకెట్ విమానంలో గంటకు 700 మైళ్ల వేగం అందుకున్నాడు. అంటే 1,127 కిలోమీటర్లు. దాన్ని 1,225తో భాగిస్తే 0.92 వస్తుంది. ఈ లెక్కన ఆయన ధ్వని వేగాన్ని దాటనే లేదు! కానీ ఆయన ఎగిరింది 13 కిలోమీటర్ల ఎత్తున. అక్కడా చలి దాదాపు అంతే కాబట్టి 1,062తో భాగించండి, 1.06 వస్తుంది. చరిత్రకెక్కిన అంకె అదే.

తప్పు అటువైపు నుంచీ జరుగుతుంది. 2019 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ నుంచి లండన్ వెళ్తున్న ఒక బోయింగ్ 787 గంటకు 801 మైళ్లు, అంటే 1,289 కిలోమీటర్లు అందుకుంది. ప్రయాణికుల విమానం ధ్వనిని మించిపోయిందా అని జనం ఆశ్చర్యపోయారు. లేదు. అది నేలతో పోల్చిన వేగం. వెనక నుంచి జెట్ స్ట్రీమ్, అంటే ఆ ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహం, గంటకు 200 మైళ్లకు పైగా తోస్తోంది. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఆ విమానం తన మామూలు వేగంలోనే ఉంది.

కాక్‌పిట్‌లో కనిపించే వేగం మళ్లీ ఇంకొకటి. 35,000 అడుగుల ఎత్తులో మాక్ 0.84 దగ్గర వెళ్తుంటే నిజ వేగం 480 నాట్లు దాటి ఉంటుంది, మీటర్ మాత్రం 280 దగ్గర చూపిస్తుంది. పైన గాలి పలచన, దాని ఒత్తిడిని బట్టే ఆ మీటర్ పనిచేస్తుంది. రెక్కల మీద గాలి బలం ఎంతో తెలియాలి కాబట్టి పైలట్‌కు ఆ అంకే ముఖ్యం. అది తీసుకొచ్చి 1.852తో గుణించి "విమానం వేగం 519" అంటే గుణకారం ఒప్పే, జవాబు తప్పు.

అందుకే అంకె రాసేవాళ్లు అది గాలితో పోల్చిందా, నేలతో పోల్చిందా, మీటర్ చూపించిందా చెప్పండి. మాక్ అయితే ఎత్తు కూడా రాయండి. ఎత్తు తెలియకపోతే మాక్‌ను మాక్‌గానే వదిలేయండి, కిలోమీటర్లలోకి మార్చకండి.