ఏడు కారణాల మెసేజ్‌కు ఇదే నా జవాబు

"స్కూళ్లలో యూనిఫాం, బూట్ల రూల్స్ కఠినంగా ఉండాలనడానికి ఏడు కారణాలు" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపినాయన కింద చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాడు. వీళ్లంతా చదివి పంపుతున్నారో, ఏడు అన్న అంకె చూసి పంపుతున్నారో తెలీదు గానీ నేను మాత్రం మొత్తం చదివాను, నా ఓపిక అక్కడితో అయిపోయింది. ఇకపై ఎవరు పంపినా తిరిగి ఇదే పంపిస్తాను.

ముందు తేలికవి పక్కకు తోసేద్దాం. నల్ల తోలు బూట్లతో పాదాలు బలపడతాయట, ఇది నాలుగో కారణం. పాదాలు బలపడేది నడకతో, పరుగుతో. బిగుతు బూట్లతో వచ్చేవి బొబ్బలు. ఎదిగే పాదానికి వేళ్ల దగ్గర కాస్త ఖాళీ కావాలి, వంగే సోల్ కావాలి. రంగుతో దానికేం పని?

ఐదోది: బూట్లు పాలిష్ చేసుకుంటే బాధ్యత అలవడుతుంది. నిజంగా అలవడితే సంతోషమే. చాలా ఇళ్లలో ఆదివారం రాత్రి బ్రష్ పట్టుకుని కూర్చునేది అమ్మో నాన్నో కాబట్టి, బాధ్యత ఎవరికి అలవడుతోందో మీరే చూసుకోండి.

ఆరోది: యూనిఫాం ఉంటే బయటివాళ్లు లోపలికొచ్చినప్పుడు గుర్తుపట్టవచ్చు. ఒప్పుకుంటాను. దానికి చొక్కా రంగు చాలు, సాక్సుల మీద ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టక్కర్లేదు.

ఇప్పుడు మొదటి కారణానికి వద్దాం. "అమెరికాలో యూనిఫాం పెట్టగానే నేరాలు తగ్గిపోయాయి" అని. ఊరి పేరు రాయలేదు కానీ ఇది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కథ. 1994లో అక్కడి ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక స్కూళ్లన్నిటిలో యూనిఫాం తప్పనిసరి చేశారు, గొడవలు తగ్గాయని ప్రకటించారు, 1996లో అధ్యక్షుడు క్లింటన్ తన వార్షిక ప్రసంగంలో యూనిఫాంలను సమర్థించడంతో దేశమంతా ఇదే మాట. అయితే అదే కాలంలో ఆ స్కూళ్లలో వేరే మార్పులు కూడా జరిగాయి. వాటన్నిటినీ వదిలేసి చొక్కా వల్లే అంతా జరిగిందనడం, తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ లెక్కలా ఉంది. 1998లో బ్రన్స్మా, రాకెమోర్ అనే ఇద్దరు పరిశోధకులు పదో తరగతి పిల్లల జాతీయ సమాచారం తీసుకుని చూస్తే హాజరు మీద గానీ, ప్రవర్తన మీద గానీ, మత్తుమందుల వాడకం మీద గానీ యూనిఫాం నేరుగా చూపిన ప్రభావం ఏమీ కనిపించలేదు. ఇది బయటికొచ్చి పాతికేళ్లు దాటింది. ఫార్వర్డ్ చేసేవాళ్ల దాకా ఇంకా చేరినట్టు లేదు.

మూడో కారణం వినడానికి బాగుంటుంది: డాక్టర్ తెల్లకోటు తొడుక్కుంటే ఏకాగ్రత పెరుగుతుందని సైన్స్ చెప్పిందట, కాబట్టి పిల్లలకు టై కట్టాలట. ఆ ప్రయోగం జరిగిన మాట నిజమే, 2012లో వచ్చింది. 2019లో వేరేవాళ్లు ఇంకా ఎక్కువ మందితో దాన్ని మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. పైగా అందులో పాల్గొన్నది పెద్దవాళ్లు, తొడుక్కున్నది కోటు. అక్కణ్ణుంచి రెండో తరగతి పిల్లాడి మెడ దాకా ఎలా వచ్చారో నాకు అర్థం కాలేదు.

రెండోది సమానత్వం. "యూనిఫాం పుట్టిందే ధనిక, పేద తేడా చెరిపేయడానికి" అని ధీమాగా రాశారు. స్కూల్ యూనిఫాం చరిత్ర చెప్పేటప్పుడు ఎక్కువగా చూపించేది 1552లో లండన్‌లో మొదలైన క్రైస్ట్స్ హాస్పిటల్ స్కూల్. అక్కడి పిల్లలకు పొడవాటి నీలం కోట్లు ఇచ్చేవాళ్లు. ధర్మం మీద చదువుకునే పిల్లలు వీళ్లని చూడగానే తెలిసిపోయేది. తేడా చెరిపిందేం లేదు, ఒంటి మీద వేసి చూపించింది. ఇప్పుడు కూడా చొక్కా ఒకటే అయినా బ్యాగు, వాచీ, కొత్త బూటా పాత బూటా అన్నది పిల్లలకు అర నిమిషంలో తెలిసిపోతుంది.

అయినా ఇక్కడ నేను యూనిఫాం వైపే ఉన్నాను. పొద్దున్నే ఏ బట్టలు వేసుకోవాలన్న టెన్షన్ తగ్గుతుంది, బట్టల పోటీ పూర్తిగా పోకపోయినా కొంత సద్దుమణుగుతుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరు వేల మందికి పైగా చిన్నపిల్లల సమాచారం చూసినప్పుడు ప్రవర్తనలో తేడా ఏమీ రాలేదు గానీ, యూనిఫాం ఉన్న స్కూళ్లలో పేద పిల్లల హాజరు కాస్త మెరుగ్గా ఉంది. కెన్యాలో పిల్లలకు ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూస్తే మొదట్లో గైర్హాజరు బాగా తగ్గింది, తర్వాత ఆ ప్రభావం నిలవలేదు. జాగ్రత్తగా చూడండి, అక్కడ పనిచేసింది యూనిఫాం *ఇవ్వడం*. లేనివాణ్ణి బయటికి పంపడం కాదు.

ఏడో కారణం సరిగ్గా దీనికి తలకిందులు. నేను ఇదంతా రాస్తున్నది కూడా దాని కోసమే. మక్కీకి మక్కీ ఇలా ఉంది: "సరైన బూట్లు లేని పిల్లల్ని ఒక్కరోజు గేటు బయట నిలబెట్టండి, మర్నాడు తల్లిదండ్రులే పరిగెత్తుకెళ్లి కొంటారు."

కొనాల్సింది పెద్దవాళ్లు, ఎండలో నిలబడేది ఎనిమిదేళ్ల పిల్ల. ఈ ముక్క రాసినవాళ్లకు ఇందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. బూట్లు లేకుండా పిల్లలు ఎందుకొస్తారో ఎప్పుడైనా అడిగారా? నిన్న వానకు తడిసినవి ఆరలేదు. సోల్ ఊడింది. పాదం పెరిగి పాతవి పట్టడం లేదు, కొత్తవి జీతం వచ్చాక. మడమ దగ్గర పుండు పడింది. అమ్మ ఒకచోట, నాన్న ఒకచోట ఉంటే బూట్లు రెండో ఇంట్లో ఉండిపోయాయి. వీటిలో ఒక్కటి కూడా గేటు దగ్గర, తోటి పిల్లలంతా చూస్తుండగా చెప్పాలని ఏ పిల్లకూ ఉండదు. అందుకని "మర్చిపోయాను" అంటుంది. దాంతో నిర్లక్ష్యం అన్న పేరు కూడా వచ్చి చేరుతుంది.

తర్వాత ఏం జరుగుతుంది? మొదటి పీరియడ్ పోతుంది. లెక్కలైతే ఆ రోజు చెప్పింది రాక మర్నాటిదీ అర్థం కాదు. రెండోసారి బూట్లు లేని రోజున ఆ పిల్ల గేటు దాకా వచ్చి నిలబడదు, ఇంట్లోనే కడుపునొప్పి అంటుంది. ఇంటికి తిప్పి పంపే స్కూళ్లయితే ఇంకా నయం అనుకుంటున్నారేమో, ఆ సమయానికి ఇంట్లో ఎవరున్నారో తెలీకుండా పిల్లను ఒంటరిగా రోడ్డు మీదికి పంపడం ఏ క్రమశిక్షణో చెప్పండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణ ఉంది, స్కూల్ క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగని రీతిలో ఉండాలని. యూనిఫాంలకు పెట్టింది పేరైన ఇంగ్లండ్‌లోనే 2021లో యూనిఫాం ఖర్చుల మీద ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడి మార్గదర్శకాలు డబ్బు ఇబ్బంది వల్ల యూనిఫాం లేని పిల్లల విషయంలో సానుభూతితో వ్యవహరించమని చెబుతున్నాయి.

"రూల్ అంటే రూలే" అంటారా, సరే. చెప్పులతో వచ్చిన టీచర్‌నూ, టీషర్టుతో వచ్చిన కరెస్పాండెంట్‌నూ అదే గేటు బయట నిలబెట్టండి, మర్నాటికి మేల్కొంటారేమో చూద్దాం. ఆ రూల్ పిల్లలకే ఎందుకు అంటే, వాళ్లయితే ఎదురు మాట్లాడరు కాబట్టి.

మెసేజ్ చివర "జపాన్‌ను చూసి నేర్చుకోండి" అని కొసమెరుపు. చూశాను. అక్కడ చాలా స్కూళ్లలో బయటి బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి మెత్తటి లోపలి బూట్లు వేసుకుంటారు. జుట్టు నల్లగానే ఉండాలి, లోదుస్తులు ఫలానా రంగులోనే ఉండాలి లాంటి రూల్స్‌ను టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లు 2022లో ఎత్తేశాయి. మనం నేర్చుకోవాల్సింది ఇదేనా?

కాళ్లకు అసలేమీ లేకుండా తిరగమని నేను అనడం లేదు. కొంకి పురుగు లార్వాలు మట్టిలోంచి ఒట్టి పాదాల చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి, కాబట్టి ఏదో ఒకటి వేసుకోవాల్సిందే. నల్లవో, గోధుమరంగువో, స్ట్రాపు చెప్పులో, స్కూలుకు అనవసరం. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాత్రం ముందు మూసి ఉన్న బూట్లు లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వకూడదు, ఆ విషయంలో ఆ మెసేజ్ రాసినాయన కంటే నేనే కఠినం. యాసిడ్ పడితే కాలుతుంది, కారణం అంత స్పష్టంగా ఉంది. అక్కడైనా పిల్లను బయటికి పంపాల్సిన పనేమీ లేదు, బీరువాలో రకరకాల సైజుల్లో నాలుగైదు పాత జతలు ఉంచితే సరిపోతుంది.