డెబ్బై దాటాక పీఎస్‌ఏ ఎందుకు?

డెబ్బై ఏళ్లు దాటిన మగవాడికి ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఆపరేషన్ జరుగుతుందా లేదా అన్నది చాలాసార్లు పీఎస్‌ఏ, అంటే ఆ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్, ఎంతుందో చూడటానికి ల్యాబ్‌లో రక్తం తీసిన రోజే సగం తేలిపోతుంది.

అమెరికా అనుభవమే చూడండి. 1987 నుంచి 1990 మధ్య సియాటెల్ ప్రాంతంలో 65–79 ఏళ్ల మగవాళ్లకు పీఎస్‌ఏ పరీక్షలు కనెటికట్‌లో కంటే ఐదు రెట్లకు పైగా ఎక్కువ చేశారు, బయాప్సీలు (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) కూడా రెండింతలు దాటాయి. 1996 నాటికి సియాటెల్‌లో 2.7 శాతం మందికి ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేశారు, కనెటికట్‌లో 0.5 శాతం మందికే. మరి అన్ని ఆపరేషన్లు జరిగిన చోట ఆ క్యాన్సర్ చావులు తగ్గాయా? పదకొండేళ్లు గమనించినా తేడా కనిపించలేదు.

ఎందుకిలా అంటే, డెబ్బై దాటిన చాలామంది ప్రోస్టేట్‌లో ఎప్పటికీ ప్రాణం మీదికి రాని చిన్న క్యాన్సర్ ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పీఎస్‌ఏ పెరగడానికి క్యాన్సరే ఉండక్కర్లేదు, వయసుతో గ్రంథి వాచినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. కానీ రిపోర్టులో అంకె ఎర్రగా కనిపిస్తే ఇంట్లో టెన్షన్ మొదలు, ఆ తర్వాత బయాప్సీ, అందులో క్యాన్సర్ అన్న మాట వినపడ్డాక 'తీయించేద్దాం నాన్నా' అనని పిల్లలు ఎంతమంది ఉంటారు? వాళ్లను తప్పుపట్టలేం. అయితే ఆపరేషన్ తర్వాత ఐదుగురిలో ఒకరికి మూత్రం ఆగక ఏళ్ల తరబడి ప్యాడ్లు వాడాల్సి వస్తుందనీ, ముగ్గురిలో ఇద్దరికి లైంగిక సామర్థ్యం దెబ్బతింటుందనీ ముందే చెప్పేవాళ్లు తక్కువ. పెద్దాయన అది ఎవరితోనూ చెప్పుకోలేక పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ వెళ్లడం మానేస్తాడు.

పరీక్ష పూర్తిగా దండగ అని మేం అనడం లేదు. యూరప్‌లో లక్షా ఎనభై వేల మందికి పైగా మగవాళ్లతో జరిగిన అధ్యయనంలో స్క్రీనింగ్ (ఏ బాధా లేనివాళ్లకు ముందుగానే చేసే పరీక్ష) వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు కొంత తగ్గాయి, కానీ ఆ ఫలితం ప్రధానంగా 55–69 ఏళ్ల వాళ్లది, అదీ చాలా ఏళ్లకు గానీ కనపడదు. అందుకే అమెరికా నిపుణుల బృందం 2018లో 55–69 ఏళ్ల వాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలనీ, 70 దాటినవాళ్లకు స్క్రీనింగ్ వద్దనీ చెప్పింది. క్యాన్సర్ బయటపడినా అందరికీ కత్తి అక్కర్లేదు. బ్రిటన్‌లో గ్రంథి దాటి పాకని క్యాన్సర్ ఉన్నవాళ్లను పదిహేనేళ్లు గమనిస్తే, ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, కేవలం కనిపెట్టుకుని ఉన్నా, ఆ క్యాన్సర్‌తో చనిపోయింది నూటికి ముగ్గురే.

మూత్రం ఆగి ఆగి రావడం, రక్తం పడటం, ఎముకల నొప్పి ఉంటే సంగతి వేరు. అది స్క్రీనింగ్ కాదు, జబ్బుకు పరీక్ష. వయసు ఎంతైనా వెంటనే యూరాలజిస్ట్ దగ్గరకు వెళ్లాల్సిందే, మన దగ్గర చాలామంది ఆలస్యంగా వెళ్లడమూ నిజమే.

మా అభ్యంతరం ఏ బాధా లేని పెద్దవాళ్లకు అడగకుండా చేసే పరీక్ష మీదే. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో పీఎస్‌ఏని కలిపి అమ్ముతున్నారు, అమెరికాలో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇక్కడ తండ్రి చెయ్యి చాపుతున్నాడు. డెబ్బై దాటినవాళ్ల ప్యాకేజీల్లోంచి దాన్ని తీసేయాలి. ఎవరైనా కావాలంటే, రక్తం తీయకముందే ఒక డాక్టరు కూర్చోబెట్టి, అంకె ఎక్కువ వస్తే తర్వాత ఏమేం జరుగుతాయో తెలుగులో వివరంగా చెప్పాలి.