“ఏటి నాయినా, ఇది నాకు కాదేటి?”

నిన్న మధ్యాహ్నం శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి గేటు బయట మా క్రైస్తవ సంఘం తరఫున పులిహోర పొట్లాలు పంచుతున్నాము. డెబ్బై ఏళ్లు దాటిన ఒక మామ్మ, లోపల మనవడిని మంచం మీద వదిలి వచ్చి, అరగంట ఎండలో వరుసలో నిలబడి పొట్లం అందుకుంది. రెండడుగులు వేసిందో లేదో, ఫొటోలో బ్యానరు మీది సంఘం పేరు సగం తెగిపోయిందని మా యవ్వనస్తుల్లో ఒకతను ఆమెను వెనక్కి పిలిచి, చేతిలోని పొట్లం తీసుకుని, మళ్లీ ఇప్పించడానికి సంఘ పెద్ద చేతిలో పెట్టాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఖాళీ అయిన చేతులను అలాగే చాచి ఉంచి, “ఏటి నాయినా, ఇది నాకు కాదేటి?” అని అడిగింది.

పొట్లాల గంప పట్టుకుని ఆ పక్కనే ఉన్నాను నేను. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఈ ఉదయం ఆరాధనలో అందరితో పాటు కూర్చున్నాను గాని ఒక్క పాటకూ గొంతు కలపలేకపోయాను.

మా సంఘం అంటే నాకు ప్రాణమని నన్ను ఎరిగిన వారందరికీ తెలుసు. మొదలై ఇంకా రెండేళ్లు నిండలేదు, రేకుల షెడ్డు తప్ప గుడి లేదు, అయినా శుక్రవారం రాత్రి చింతపండు నానబెట్టడంతో మొదలై ఆదివారం సాయంత్రం పిల్లల చాపలు దులిపి మడత పెట్టే వరకు ఆ షెడ్డులో జరిగే పనిలో నాకు దొరికే సంతోషం మరెక్కడా దొరకలేదు. కూలికి వెళ్లే అక్కలు శనివారం పని మానుకుని, తెల్లవారుజామున అయిదింటికే వచ్చి పొయ్యి వెలిగిస్తారు. హైదరాబాదులోనో చెన్నైలోనో భవన నిర్మాణంలో పనిచేసే వారి కొడుకులు అక్కడి నుంచి అయిదు వందలు, వెయ్యి పంపి, “అమ్మా, ఈ వారం బియ్యానికి నా వంతు” అంటారు. ఇంత పవిత్రంగా వండిన అన్నాన్ని చివరి నిమిషంలో, ఇచ్చే చోట, మేమే మైల చేస్తున్నాము.

పెద్దలను అడిగితే, డబ్బు పంపినవారికి లెక్క చూపించాలి కదా అంటున్నారు. తప్పకుండా చూపించాలి. బియ్యం కొట్టు బిల్లు ఉంది, గ్యాసు సిలిండరు రసీదు ఉంది, పొద్దున నిండుగా ఉండి మధ్యాహ్నానికి అడుగంటిన గుండిగ ఉంది, వాటిని ఎన్ని ఫొటోలైనా తీసి పంపండి. చెన్నైలో ఇటుకలు మోసే పిల్లవాడు తన తల్లి వయసున్న మనిషి దీనమైన ముఖాన్ని రసీదుగా అడిగాడా? ఎవరూ అడగలేదు. నేను ఇద్దరికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను.

ఇంకొక సంగతి మావాళ్లు ఆలోచించడం లేదు. ఆ మామ్మ నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు ఉంది. ఆమె ముఖం, దాని పైన మా సంఘం పేరు, దాని కింద ఒక బైబిలు వాక్యం, అన్నీ కలిపి నిన్న సాయంత్రానికల్లా మా పేజీలో పెట్టారు. అది రేపు ఆమె ఊరిలో ఏ ఫోనులోనైనా తేలవచ్చు. “మతం పుచ్చుకున్నావా?” అని ఆమెను అడిగేవారు ఉంటారు, కోడలి ముందు తల దించుకోవలసి రావచ్చు. ఆమె తీసుకున్నది ఒక పూట తిండి మాత్రమే. కొత్తగా సంఘం వచ్చిందంటే పొట్లం వెనక ఏముందోనని వీధిలోని వారికి సహజంగానే అనుమానం ఉంటుంది. మా షెడ్డుకు మొదటి ఆరు నెలలు తమ బోరు నీళ్లు ఇచ్చిన పక్కింటివారికి ఆ అనుమానం మా నడవడిక వల్లనే పోయింది, బ్యానరు వల్ల పోలేదు. అలాంటి ఒక్కొక్క ఫొటోతో మేము ఆ నమ్మకాన్ని మా చేతులతోనే తుడిచేసుకుంటున్నాము.

ఫోనులోంచి మనిషిని చూసేవారికి ఎదుట ఉన్న మనిషి కనిపించరనడానికి మూడు నెలల కిందట జరిగినదే చాలు. డయాలసిస్‌కు, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకోవడానికి, వచ్చే ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగులకు పండ్లు పంచుదామని మావాళ్లు బయలుదేరి, అరటిపండ్లు, కొబ్బరిబోండాలు తీసుకువెళ్లి, ప్రతి మంచం దగ్గరా నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లోంచి పొటాషియం బయటకు పోదని, అది పేరుకుంటే గుండె లయ తప్పుతుందని, అందుకే అరటిపండు, కొబ్బరినీళ్లు వారికి పడవని ఒక నర్సు వచ్చి, మంచాల మీద నుంచి వాటన్నిటినీ తీయించింది. చుట్టూ కొబ్బరితోటలున్న కవిటి, సోంపేట నుంచి వచ్చి, కొబ్బరినీళ్లు తాగకూడని స్థితిలో ఉన్న మనిషి చేతిలో మనం బోండాం పెట్టి నవ్వమన్నాము. “మీకు ఏమి కావాలి?” అని ఒక్కరినైనా అడిగి ఉంటే, వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు ఆ యంత్రానికి అతుక్కుని ఉండే వారు, తోడు వచ్చిన వారికి అన్నం, తిరిగి వెళ్లడానికి ఆటో ఖర్చు అడిగి ఉండేవారు.

ఇంత కోపం ఎందుకని మా పాస్టరమ్మ గారు నన్ను ప్రేమగానే అడిగారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అమ్మ ఊరిలోనే ఉంది. తెల్లారేసరికి జీడితోట నేలమట్టమైంది, కొబ్బరిచెట్లలో తలతో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జీవితంలో కొబ్బరికాయ కొని ఎరగని మనిషి, ఇంటికి వచ్చిన వారిని అన్నం తినకుండా పంపని మనిషి, అయిదో రోజున లారీ వెనక వరుసలో నిలబడింది. బియ్యం సంచి, కొవ్వొత్తులు ఇస్తూ తలెత్తమన్నారు, ఆమె ఎత్తింది. కొన్ని నెలల తర్వాత వేరే ఊరిలో ఒక ఫ్లెక్సీ మీద ఆ ముఖాన్ని మా మేనమామ చూసి వచ్చి చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు కట్టుకున్న చీరను మాత్రం మళ్లీ కట్టలేదు. ఇప్పటికీ ఆ చీర ట్రంకు పెట్టెలో అడుగున ఉంది.

అవమానపరచకుండా ఇచ్చే దారి మా బైబిల్లో లేకపోతే కదా! విధవరాలైన రూతు పరిగె ఏరుకోవడానికి వచ్చినప్పుడు పొలం యజమాని బోయజు తన పనివాళ్లతో ఆమెను అవమానపరచవద్దని చెప్పి, కట్టల్లోంచి కొన్ని వెన్నులను కావాలనే జారవిడవమన్నాడు. పరిగె ఏరడం మన జిల్లాలో ఎవరికి తెలియదు? జారిన వెన్నును ఏరుకునే మనిషికి అది తన కష్టం, ఎవరికీ దణ్ణం పెట్టనక్కరలేదు. సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో తరాలుగా పుండ్లు కడిగిన వారు కూడా క్రైస్తవులే. ఊరికి తెలిస్తే వెలివేస్తారని ముఖం దాచుకుని వచ్చిన రోగులకు సేవ చేసిన ఆ చోటు మనకు ఎంతో దూరం కూడా కాదు.

వచ్చే శనివారం కూడా నేను అయిదింటికి వచ్చి పొయ్యి వెలిగిస్తాను. గంప కూడా నేనే పట్టుకుంటాను. పంచే చోట ఎవరు ఫోను బయటకు తీసినా, అది పెద్దలైనా సరే, గంప కింద పెట్టి అడ్డంగా నిలబడతాను. ఆ మామ్మ ఫొటో తీసేయమని నిన్న రాత్రి నుంచి నలుగురికి ఫోన్ చేశాను. “చూద్దాం సిస్టర్” అన్నారు. ఇప్పుడు, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు, అది ఇంకా పేజీలోనే ఉంది.