తినని దుప్పికి రుచెక్కువ

ఏ విషయం మీద మాట్లాడాలన్నా కాస్తో కూస్తో అనుభవం ఉండాలంటారు. అడవి మాంసం విషయంలో మాత్రం అనుభవమే అనర్హత. తిన్నవాడు నోరు విప్పలేడు, విప్పితే కేసు. నోరు విప్పేవాడు తిని ఉండడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవులకు ఎంత మేలు చేసిందో అటవీ శాఖ వారు తేల్చుకుంటారు. మన భోజన సంభాషణకు అది చేసిన మేలు మాత్రం అపారం. దుప్పిని కొట్టకూడదు, దాని మాంసం దగ్గర ఉంచుకోకూడదు అని చట్టం వచ్చిన నాటి నుంచి దుప్పి కూర రుచి ఏటేటా పెరుగుతూనే ఉంది. 2022 సవరణతో సాధారణ ఉల్లంఘనకు జరిమానా పాతిక వేల నుంచి లక్ష రూపాయల దాకా పెరిగింది. రుచి కూడా ఆ మేరకు పెరిగే ఉంటుందని నా అంచనా.

ఈ రంగంలో పండితుడు అనిపించుకోవడానికి కావలసిన పెట్టుబడి కాలం చేసిన తాతగారు ఒక్కరే. ఆయన ఒంటిగుండు తుపాకీతో, ఒకే దెబ్బకు, అదీ అమావాస్య చీకట్లో కొట్టి ఉండాలి. సాక్షి పరలోకంలో ఉన్నాడు కనుక వాదనలో ఓడిపోయే ప్రమాదం లేదు. ఇంతవరకు నేను విన్న తాతలందరి వేట కలిపి లెక్క కడితే, చట్టం వచ్చే నాటికి నల్లమలలో కాపాడటానికి ఒక్క కొమ్ము కూడా మిగిలి ఉండకూడదు.

ఒక పెళ్లి మర్నాటి విందులో నా ఎదురు వరుసలో ఇద్దరు వియ్యంకులు కూర్చున్నారు. ఒకాయన మేక మాంసం ముక్కను బొటనవేలితో నొక్కి చూసి, విస్తరి అంచుకు తోసేశారు.

"ఇదీ ఒక మాంసమేనా బావగారూ? దుప్పి ముక్క తిన్న నాలుకకు ఇది గడ్డి."

"దుప్పికి నీచు ఎక్కువ బావగారూ. రాత్రంతా పుల్లమజ్జిగలో నానేసి, పసుపూ ఉప్పూ రాసి, ఏడు నీళ్లు కడిగితే తప్ప పొయ్యి మీదికి ఎక్కించకూడదు."

"ఏడు నీళ్లు కడిగాక ఇంకేం మిగిలింది? ఆ వాసనే దాని రుచి."

"వాసనే రుచి అయితే అడవికి వెళ్లి పీల్చి రావచ్చు కదా, పాపం దాన్ని చంపడం ఎందుకు?"

పెళ్లికూతురి మేనమామ చారు గిన్నెతో వచ్చి నిలబడే దాకా ఈ చర్చ సాగింది. ఇద్దరిలో ఎవరూ దుప్పిని జూపార్కులో తప్ప చూడలేదని తరువాత తెలిసింది. అంచుకు తోసిన గడ్డి ముక్క కూడా అప్పటికి విస్తరిలో లేదు.

ఇంతకీ ఇద్దరూ కొంత కొంత నిజమే చెప్పారు, అదే బాధ. అడవి జంతువు రోజంతా తిరుగుతుంది. కండరంలో మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ ఎక్కువ, అందుకే మాంసం ముదురు ఎరుపు. కొవ్వు తక్కువ, అందుకే మంట కాస్త ఎక్కువైతే పీచుపీచు అవుతుంది. తొడ ముక్కలో కొలాజెన్ అనే గట్టి పీచు ప్రోటీన్ ఉంటుంది కనుక కుండలో సన్న సెగ మీద గంటల తరబడి ఉడికితే మెత్తబడుతుంది. వెన్ను ముక్కను అలాగే ఉడికిస్తే చెప్పు అట్ట అవుతుంది. మగ పందికి ఆ ఘాటు వాసన ఆండ్రోస్టినోన్ అనే పదార్థం వల్ల. దాన్ని ఏడు నీళ్లు కాదు, గోదావరి పుష్కరాలు కూడా కడగలేవు. ఇక ఉచ్చులో పడి రాత్రంతా పెనుగులాడిన జంతువు కండరాల్లో గ్లైకోజన్ అనే నిల్వ చక్కెర ఖర్చయిపోతుంది. ఆ మాంసం నల్లబడి, బిరుసెక్కి, తొందరగా చెడుతుంది. దొంగచాటుగా వచ్చే సరుకులో చాలా భాగం ఉచ్చు సరుకే. "అసలైన అడవి వాసన" అని కళ్లు మూసుకుని ఆస్వాదించేవారు ఏ వాసనను మెచ్చుకుంటున్నారో వారికి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంగ్లండులో ఫెజెంట్ అనే పిట్టను కొట్టి, మెడకు తాడు కట్టి, చల్లని గదిలో రోజుల తరబడి వేలాడదీస్తారు. వాసన ముదిరితేనే రుచి అంటారు. మే నెలలో రామగుండంలో ఆ పని చేస్తే రుచికి ముందు మునిసిపాలిటీ వారు వస్తారు.

వండే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక మాట మీద ఉంటారు: సహజ రుచి చెడకూడదు. ఆ వెంటనే పదార్థాల జాబితా మొదలవుతుంది. అల్లం వెల్లుల్లి గుప్పెడు, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, చెక్క, మరాఠీ మొగ్గ, అనాసపువ్వు, రాతిపువ్వు, గుంటూరు కారం నాలుగు గరిటెలు. వాసన తగ్గడానికి గోంగూర. గోంగూర పులుపు విరగడానికి మళ్లీ కారం. ఈ పులుసులో టైరు ముక్క వేసినా సహజ రుచి నిలబడుతుంది.

శాస్త్రప్రమాణం కావాలన్నవారికి చరకుడు ఉన్నాడు. కృష్ణజింక, కుందేలు జాంగల వర్గం, అంటే మెట్ట నేల జంతువులు, తేలికగా అరుగుతాయి. అడవి పంది ఆనూప వర్గం, అంటే తడి నేల జంతువు, బరువు. ఈ ఒక్క ముక్క పట్టుకుని నడుము నొప్పికి ఉడుము, ఉబ్బసానికి ఇంకొకటి అంటూ సొంత వైద్యం అల్లేవారికి కొదవ లేదు. రాజప్రమాణం కావాలన్నవారికి 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు ఉన్నాడు. మానసోల్లాసంలో ఆయన పంది మాంసం వంటకాలు చెప్పాడు, నిజమే. అదే గ్రంథంలో పొలం ఎలుకను తోక పట్టుకుని కాగిన నూనెలో ముంచి, వెంట్రుకలు ఊడదీసి వండే విధానమూ ఉంది. సోమేశ్వరుడి పేరు చెప్పి మీసం దువ్వేవారు పంది దగ్గర పుస్తకం మూసేస్తారు. ఆ పొలం ఎలుకను నిన్న మొన్నటి దాకా పట్టి తిన్న యానాదిని మాత్రం తమ బంతిలో కూర్చోబెట్టుకోరు.

అసలు తెలిసినవారిని ఎవరూ అడగరు. విశాఖ మన్యంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగొస్తే ఊళ్లో ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. మైదాన ప్రాంతపు వేట పండితులకు ఈ ఆచారం వర్తింపజేస్తే రాష్ట్రంలో పేడకు కరువు వస్తుంది.

చట్టానికీ తనదైన చమత్కారం ఉంది. పొలాలను ధ్వంసం చేసే అడవి పందులను కాల్చేందుకు అనుమతించే అధికారాన్ని 2022లో కేరళ ప్రభుత్వం స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. కాల్చిన పందిని పూడ్చిపెట్టాలి, తినకూడదు. రైతు పంటను పంది తినవచ్చు, పందిని రైతు తినకూడదు. కంద, కర్రపెండలం తిని బలిసిన పంది మట్టిలోకి వెళ్తుంటే గట్టు మీద నిలబడ్డ రైతు మనసులో ఏ మసాలా మెదిలి ఉంటుందో ఊహించుకోవలసిందే.

అడవి దొరకనివారి కోసం అడవి రుచిని తయారుచేసే పరిశ్రమ కూడా మనకు ఉంది. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తారు. వెదురు అడవిదే, మంట కట్టెలదే, లోపలి కోడి మాత్రం బ్రాయిలర్. కారు దిగిన కుటుంబం ఊదుకుంటూ తిని "అడవి రుచే వేరు" అంటుంది. ఆ కోడికి అడవితో పరిచయం కలిగింది వెదురులోకి వెళ్లాకే. హైవే హోటళ్లలో కౌజుపిట్టల వేపుడు అని బోర్డు ఉంటుంది. ప్లేటులోకి వచ్చేది షెడ్డులో పెంచిన జపాను జాతి పిట్ట. ఎముకలతో సహా కరకరలాడించి, ఇది కోసినదా కొట్టినదా అని రుచి చూసి చెప్పగలమనే మహానుభావులు ప్రతి టేబుల్ దగ్గరా ఉన్నారు.

నిషేధమే రుచి అన్న నా సిద్ధాంతానికి తిరుగులేని రుజువు ఈము. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ ఆరడుగుల పక్షిని పెంచడంలో ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలోనే ముందుండేది. కొవ్వు తక్కువ, ఎర్ర మాంసం, అచ్చం వేట మాంసపు లక్షణాలే. చట్టం అడ్డు లేదు, పోలీసు రాడు. అయినా ఏ తాతగారూ దాన్ని కొట్టలేదు, ఏ బావగారూ దాన్ని మజ్జిగలో నానేయలేదు. గసగసాలు వేయాలా వద్దా అని దాని గురించి రెండు కుటుంబాలు విడిపోయిన దాఖలా లేదు. 2012 ప్రాంతానికి కొనేవాడు లేక, మేత ఖర్చు భరించలేక రైతులు దివాలా తీశారు. కొందరు పక్షుల్ని వదిలేశారు. ఆ రైతులు వెళ్లి మద్దతు ధర అడిగారు, అమాయకులు. ఈమును వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చి మూడేళ్ల జైలు పెట్టమని అడగాల్సింది. రాత్రికి రాత్రి కిలో ధర పొట్టేలును దాటేది.

ఇప్పుడు ఈ వివాదం సముద్రాలు దాటింది. ఆస్ట్రేలియాలో కంగారూ మాంసం సూపర్ మార్కెట్లో పొట్లం కట్టి అమ్ముతారు. మన పిల్లలు తెచ్చి, మటన్ మసాలా వేసి, కుక్కర్లో పెట్టి, "మటన్ లాగే ఉంది, కాస్త ఎండింది" అని తీర్పు చెబుతారు. టెక్సాస్‌లో వేటాడిన జింకను అమ్మకూడదు కానీ స్నేహితులకు పంచుకోవచ్చు. అక్కడ నాకు తెలిసిన ఒక కుర్రవాడికి ఆఫీసులో పైఅధికారి ఒక తొడ ఇచ్చాడు. వంశంలో చట్టబద్ధంగా జింకను వండిన మొదటివాడు. ఆదివారం వీడియో కాల్‌లో గిన్నె చూపించి, మేక మాంసానికీ దీనికీ తనకు పెద్ద తేడా తెలియలేదని నిజం చెప్పేశాడు. ఇక్కడ తండ్రి ముఖం మాడిపోయింది.

"అది మన జింక కాదురా. అక్కడి జింకలకు మొక్కజొన్న పోసి మేపుతారట. మన జింక ఉసిరికాయలు తింటుంది."

"ఎన్ని కూతలు పెట్టావు?" అంది వెనక నుంచి తల్లి.

"ఆరమ్మా."

"పన్నెండు పెట్టాలి" అంది ఆవిడ. ఆవిడ శాకాహారి.